ముప్పై రోజుల గడువు: జిల్లాల విభజనలో ప్రజల అభ్యంతరాలు ఎక్కడికి పోతాయి

జిల్లాల సరిహద్దులు మార్చేటప్పుడు ప్రజల్ని అడగడానికి మన రెండు రాష్ట్రాల్లో ఉన్న చట్టబద్ధమైన దారి ఒక్కటే. ప్రభుత్వం ముసాయిదా నోటిఫికేషన్ ఇస్తుంది. 30 రోజుల గడువు పెట్టి, అభ్యంతరాలు, సూచనలు ఉంటే రాసి ఇమ్మంటుంది. ఆ తర్వాత తుది నోటిఫికేషన్ వస్తుంది. ఈ రెండింటి మధ్య ఆ కాగితాల గతి ఏమైందో కాగితం ఇచ్చిన మనిషికి తెలియదు. ఈ కేస్ స్టడీలో నేను చూడదలచుకున్నది ఆ మధ్య భాగాన్నే.

పంచాయతీ ప్రతినిధులకు, గ్రామ సంఘాలకు శిక్షణ ఇవ్వడం నా పని. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జరిగిన విభజన సమయంలో ఒక సరిహద్దు మండలం తరఫున అభ్యంతరాల పత్రం తయారుచేసిన బృందంలో ఉన్నాను. ఆ మండలం పేరు రాయడం లేదు. అక్కడివాళ్లు ఈరోజుకీ అవే ఆఫీసుల మెట్లెక్కుతున్నారు. కానీ వాళ్ల అనుభవం అర్థం కావాలంటే ముందు 2016 నాటి తెలంగాణ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే 2022లో మా ముందుకొచ్చిన ప్రతి ఒక్కరి మనసులోనూ అదే మెదులుతోంది.

2016: కాగితం కన్నా రోడ్డు బలమైంది

ఉమ్మడి రాష్ట్రంలో 1979లో విజయనగరం జిల్లా ఏర్పడిన తర్వాత దాదాపు నాలుగు దశాబ్దాలు కొత్త జిల్లా అన్నదే లేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, పాలన ఊరికి దగ్గరైంది. జిల్లా గీతలు మాత్రం కదల్లేదు. అందుకే 2016 ఆగస్టు 22న తెలంగాణ ప్రభుత్వం 10 జిల్లాలను 27 చేస్తూ ముసాయిదా ఇచ్చినప్పుడు, జిల్లా విభజన మీద అభ్యంతరం ఎలా రాయాలో తెలిసినవాళ్లు ఊళ్లలోనే కాదు, ఆఫీసుల్లో కూడా తక్కువమందే ఉన్నారు.

ప్రభుత్వం ఆన్‌లైన్ పోర్టల్ పెట్టింది. జనం పెద్ద సంఖ్యలో రాశారు. కానీ ముసాయిదాలో లేని నాలుగు జిల్లాలు తుది జాబితాలోకి వచ్చిన తీరు గమనించాలి. జనగామ, గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్. నాలుగు చోట్లా బంద్‌లు, రాస్తారోకోలు, దీక్షలు నడిచాయి. చివరి దశలో అప్పటి అధికార పార్టీ ఎంపీ కె. కేశవరావు అధ్యక్షతన కమిటీ వేసి ఆ నాలుగింటినీ పరిశీలించారు. 2016 అక్టోబరు 11న, విజయదశమి రోజున, 31 జిల్లాలతో కొత్త పటం అమల్లోకి వచ్చింది. మండలాలు 459 నుంచి 584 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 జిల్లాలయ్యాయి.

ఆ నాలుగు డిమాండ్లలో న్యాయం లేదని నేను అనను. జనగామ వాదన చాలా కాలంగా ఉన్నదే. గద్వాల నుంచి మహబూబ్‌నగర్ వెళ్లి రావడం ఎంత కష్టమో ఆ దారిలో తిరిగిన ఎవరికైనా తెలుసు. నా అభ్యంతరం వేరు. ఆ నాలుగు జిల్లాలు ఏ కారణంతో ఒప్పుకున్నారో, అలాంటి డిమాండే వచ్చిన మరో చోట ఏ కారణంతో కాదన్నారో, రెండూ పక్కపక్కన పెట్టి చదువుకోగలిగేలా ప్రజల చేతికి రాలేదు. కారణం కనబడకపోతే జనం తమకు కనబడిన దాన్నే కారణం అనుకుంటారు. వాళ్లకు కనబడింది బంద్. 30 రోజుల గడువులో పద్ధతిగా కాగితం రాసినవాడికి ఏమీ దక్కలేదు, రోడ్డెక్కినవాడికి జిల్లా దక్కింది అనే లెక్క జనంలో స్థిరపడిపోయింది. ఆరేళ్ల తర్వాత పొరుగు రాష్ట్రంలో మేము గ్రామసభ పెట్టినప్పుడు కుర్రాళ్లు మొదట అడిగింది ఈ మాటే: కాగితం రాస్తే ఏమొస్తుంది, గద్వాలలో ఏం చేశారో చూడలేదా అని.

2022: ఒకే ఒక్క కొలబద్ద

ఆంధ్రప్రదేశ్ ముసాయిదా 2022 జనవరి 25 రాత్రి వచ్చింది. 13 జిల్లాలు 26 అవుతాయని, ఫిబ్రవరి 26 లోపు అభ్యంతరాలు ఆయా కలెక్టర్లకు ఇవ్వాలని అన్నారు. కొలబద్ద సూటిగా ఉంది: ఒక లోక్‌సభ నియోజకవర్గం ఒక జిల్లా. మొత్తం 25 నియోజకవర్గాలు. అరకు మరీ పెద్దది కాబట్టి దాన్ని రెండు చేశారు.

సూటిగా ఉండటం ఈ కొలబద్దకున్న బలం. ఎవరికి అనుకూలంగా గీశారనే అనుమానానికి తావు తగ్గుతుంది. కానీ లోక్‌సభ గీతలు గీసింది ముఖ్యంగా జనాభా దాదాపు సమానంగా రావాలని. రోడ్లు, బస్సులు, ఆస్పత్రులు అక్కడ ప్రధానం కాదు. చట్టం కోరేది వేరు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద వచ్చిన నియమాలు విస్తీర్ణం, జనాభాతో పాటు చారిత్రక అనుబంధం, భౌగోళికంగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండటం, ఉమ్మడి ప్రయోజనాలు, విద్యా సాంస్కృతిక అవసరాలు, మౌలిక వసతులు, ఇన్నింటిని చూడాలంటాయి. అభ్యంతరం రాసేవాడికి ఈ జాబితా చేతికర్ర లాంటిది. మా అనుభవంలో దాని గురించి తెలిసినవాళ్లు మాకు కనబడలేదు.

కొలబద్దకు, నేలకు పొంతన కుదరని చోట్లు వెంటనే బయటపడ్డాయి. అరకు లోక్‌సభ స్థానం పాలకొండ నుంచి రంపచోడవరం దాకా పాత నాలుగు జిల్లాల ఏజెన్సీని కలుపుకుని ఉంటుంది. దాన్ని రెండుగా చీల్చినా, పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి రంపచోడవరం, చింతూరు ప్రాంతాలు వచ్చాయి. చింతూరు, కూనవరం, వి.ఆర్. పురం, ఎటపాక మండలాలది మరీ దారుణమైన పరిస్థితి. 2014 వరకు అవి ఖమ్మం జిల్లాలో ఉండేవి; భద్రాచలం వాళ్ల బజారు, వాళ్ల ఆస్పత్రి. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిపి తూర్పు గోదావరికి ఇచ్చారు, కలెక్టరేట్ కాకినాడలో. ఎనిమిదేళ్లలో మరోసారి జిల్లా మారి, ఈసారి ఘాట్ రోడ్ల మీదుగా పాడేరు. అదే ఊరు, అదే ఇల్లు, మూడో జిల్లా కేంద్రం.

రాజంపేట మరో రకం. లోక్‌సభ స్థానం పేరు రాజంపేట, జిల్లా పేరు అన్నమయ్య. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక రాజంపేట మండలంలోనే ఉంది. జిల్లా కేంద్రం మాత్రం రాయచోటి అయింది. రాజంపేట, మదనపల్లె రెండు పట్టణాలూ ఆందోళనకు దిగాయి. పుట్టపర్తిని కేంద్రం చేసినందుకు హిందూపురంలో, భీమవరాన్ని చేసినందుకు నరసాపురంలో, జిల్లానే ఇవ్వనందుకు మార్కాపురంలో నిరసనలు జరిగాయి.

ఇంకోవైపు, ఇదే కొలబద్దను ప్రభుత్వం కొన్ని చోట్ల పక్కన పెట్టింది కూడా. ఎచ్చెర్ల అసెంబ్లీ నియోజకవర్గం విజయనగరం లోక్‌సభ కిందిదైనా శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. సంతనూతలపాడు బాపట్ల లోక్‌సభ కిందిది. ఒంగోలు పక్కనే కాబట్టి ప్రకాశంలో నిలిచింది. సర్వేపల్లి తిరుపతికి పోకుండా నెల్లూరులో ఆగింది. కొన్ని చోట్ల నియోజకవర్గం లోపలే గీత పడింది. పెందుర్తి మండలం విశాఖపట్నంలో, సబ్బవరం, పరవాడ అనకాపల్లిలో. పాణ్యం నంద్యాలకు, కల్లూరు, ఓర్వకల్లు కర్నూలుకు. గోపాలపురం నియోజకవర్గంలోని ద్వారకా తిరుమల ఏలూరుకు. ఇవన్నీ సబబైన మినహాయింపులే. మేము పత్రం రాసేటప్పుడు మాకు పనికొచ్చిన ఆధారం ఇదే: మినహాయింపు అసాధ్యం కాదు, మండలం స్థాయిలో అడిగితే, దగ్గరి పట్టణం ఏదో చూపిస్తే, దానికి అవకాశం ఉంది.

మండలంలో జరిగింది

మా మండలం పాత జిల్లా కేంద్రానికీ కొత్త కేంద్రానికీ మధ్యలో, కొండ అంచున ఉంటుంది. ముసాయిదా రాగానే అందరిలాగే ఇక్కడా ఒక జేఏసీ (ఐక్య కార్యాచరణ కమిటీ) ఏర్పడింది, వినతిపత్రం తయారైంది. దాని నిండా మూడు పేజీల సంతకాలు, పైన ఒకే వాక్యం: మా మండలాన్ని పాత జిల్లాలోనే కొనసాగించాలి. ఎందుకు అన్నది లేదు. కుదరకపోతే ఏం చేయాలన్నది లేదు. ఇలాంటి కాగితం కలెక్టరేట్‌లో ఏ గుట్టలో పడుతుందో నాకు తెలుసు. 'పాత జిల్లా కోరేవారు' అని ఒక శీర్షిక కింద సంఖ్యగా మారిపోతుంది. దాన్ని చదివే అధికారిని తప్పుపట్టడానికి కూడా లేదు. చదవడానికి అందులో ఏమీ లేదు కదా.

కాబట్టి గ్రామసభల్లో ప్రశ్న మార్చాం. ఏ జిల్లా కావాలి అని అడగడం మానేసి, కిందటేడు మీ ఇంట్లోవాళ్లు మండలం దాటి ఏ పని మీద ఏ ఆఫీసుకు వెళ్లారు, ఎలా వెళ్లారు, ఆ రోజు పని అయిందా అని అడిగాం. పంచాయతీ కార్యదర్శుల చేత దండోరా వేయించాం. మగవాళ్లు పొలం నుంచి వచ్చాక ఒకసారి, పొదుపు సంఘాల సమావేశం రోజున ఆడవాళ్లతో విడిగా ఒకసారి. ఈ రెండోది పెట్టకపోయి ఉంటే సగం సమాచారం మా చేతికి వచ్చేది కాదు.

మగవాళ్లు చెప్పినవి: కోర్టు వాయిదాలు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఆర్డీవో దగ్గర భూమి అప్పీళ్లు, సోమవారం ఫిర్యాదులు తీసుకునే స్పందన కార్యక్రమంలో ఇచ్చిన అర్జీలు. ఆడవాళ్లు చెప్పినవి: కాన్పు కష్టమైతే తీసుకెళ్లే ఆస్పత్రి, వికలాంగుల పింఛనుకు కావలసిన వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపు, ఆడపిల్ల చదివే కాలేజీ, హాస్టల్. రెండు జాబితాల్లోనూ కలెక్టరేట్ అట్టడుగున ఉంది. చాలా కుటుంబాలు కలెక్టరేట్ గడప ఎప్పుడూ తొక్కలేదు. ఒక పెద్దావిడ అయితే కలెక్టరు ఏ ఊళ్లో ఉంటే తనకేమని, మంచం మీదున్న కొడుకును సదరం క్యాంపుకు ఆటోలో ఎంత దూరం మోసుకుపోవాలో అది చెప్పమని నిలదీసింది. ఆ సభలో దానికి జవాబు చెప్పగలిగిన మనిషి లేడు. ముసాయిదాలో దాని ప్రస్తావనే లేదు.

అప్పటికి విషయం తేటతెల్లమైంది. జిల్లా గీత గురించి అందరం గొంతు చించుకుంటున్నాం, ఈ జనం బతుకు నడిచేది రెవెన్యూ డివిజన్ (ఒక ఆర్డీవో కింద ఉండే మండలాల గుంపు) గీత మీద, బస్సు రూటు మీద. అర్ధగంట ప్రయాణంలో ఉన్న పట్టణంలో ఆర్డీవో ఆఫీసు, ఏరియా ఆస్పత్రి, కోర్టు ఉన్నాయి. ఆ పట్టణం కొత్త జిల్లాలో పడింది. అంటే పాత జిల్లాలోనే ఉంచాలనే డిమాండ్ నెగ్గితే మండలం ఆ డివిజన్ నుంచి విడిపోయి మరింత దూరపు డివిజన్‌లో పడుతుంది. జేఏసీ కోరుతున్నది నెరవేరితే సదరం క్యాంపుకు వెళ్లే ఆ తల్లికే ఎక్కువ నష్టం.

దీన్ని సభలో పెట్టడం సులువు కాలేదు. పాత జిల్లాతో జనానికి ఉన్న మమకారం నకిలీది కాదు. తాతలనాటి దస్తావేజుల మీద ఆ పేరుంది. పెళ్లి సంబంధాలు అటువైపే. దాన్ని తీసిపారేసే హక్కు నాకు లేదు. నియమాల్లో కూడా చారిత్రక అనుబంధానికి చోటుంది. పైగా ఉద్యోగస్తుల భయం వేరే ఉంది: జిల్లా మారితే పిల్లల స్థానికత ఏమవుతుంది, డీఎస్సీ టీచరు పోస్టులు ఎన్ని వస్తాయి. ఇవన్నీ పత్రంలో రాశాం. కానీ అడిగేది రెండు భాగాలుగా అడిగాం. మొదటిది, జిల్లా విషయంలో మండల ప్రజల కోరిక, దానికి కారణాలు. రెండోది, జిల్లా ఏదైనా సరే మండలం ఫలానా రెవెన్యూ డివిజన్‌లోనే ఉండాలి, సదరం క్యాంపు ఫలానా ఏరియా ఆస్పత్రిలోనే పెట్టాలి, కొత్త జిల్లా కేంద్రానికి పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేలా ఒక బస్సు వేయాలి. ప్రతి వాక్యం పక్కన దూరం, బస్సుల వేళలు, ఏ గ్రామసభలో ఈ మాట వచ్చిందో ఆ తీర్మానం నకలు.

జేఏసీలో కొందరికి ఇది నచ్చలేదు. రెండో భాగం రాస్తే మొదటి భాగం మీద పట్టు సడలినట్టే అన్నారు. ఉద్యమం నడిపేవాళ్ల లెక్కలో అది నిజమే కావచ్చు. వాళ్ల బంద్ వాళ్లు చేసుకున్నారు, మా పత్రం మేము గడువులోపు ఇచ్చి ఇన్వర్డ్ నంబరు వేయించుకున్నాం.

తుది నోటిఫికేషన్ ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది, 4వ తేదీ నుంచి 26 జిల్లాలు అమల్లోకి వచ్చాయి. మండలం ముసాయిదాలో ఉన్నట్టే కొత్త జిల్లాలోకి వెళ్లింది. రెవెన్యూ డివిజన్ మేము అడిగిందే వచ్చింది. బస్సు రాలేదు. సదరం క్యాంపు ఏరియా ఆస్పత్రిలోనే ఉంది. వీటిలో మా పత్రం వల్ల జరిగినవి ఏవి, ఎలాగూ జరగాల్సినవి ఏవి? చెప్పగలిగే ఆధారం లేదు, ఎందుకంటే మా పత్రానికి జవాబు రాలేదు. తర్వాత సమాచార హక్కు కింద అడిగితే అభ్యంతరాలన్నీ పరిశీలించి ప్రభుత్వానికి నివేదించామని ఒక వాక్యం వచ్చింది. ఏ అభ్యంతరాన్ని ఏ కారణంతో తీసుకున్నారు, ఏది ఎందుకు వదిలేశారు అన్నది ఆ వాక్యంలో లేదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది ఇదే. డివిజన్ దక్కింది కాబట్టి గెలిచామని చెప్పుకోవచ్చు. కానీ కారణం చెప్పని గెలుపు ఊరికి ఏమీ నేర్పదు. వచ్చేసారి అదే జనం గ్రామసభకు ఎందుకు రావాలి?

కోనసీమ: పేరొక్కటే ప్రశ్నగా నిలబడినప్పుడు

ఈ విభజనలో అత్యంత విషాదకరమైన ఘట్టం సరిహద్దు గురించి కాదు, పేరు గురించి. జనవరి ముసాయిదాలోనే ఎన్టీఆర్, అన్నమయ్య, శ్రీ సత్యసాయి, అల్లూరి సీతారామరాజు పేర్లతో జిల్లాలు వచ్చాయి. ఆ పేర్లు సరిహద్దులు, కేంద్రాలతో కలిసి ఒకే మూటలో వచ్చాయి. అమలాపురం కేంద్రంగా ఏర్పడినది మాత్రం కోనసీమ జిల్లా. అంబేద్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు, మరెందరో కోరారు. 2022 మే 18న ప్రభుత్వం 'డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ' అని మారుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, 30 రోజుల్లో అభ్యంతరాలు చెప్పమంది. మే 24న అమలాపురంలో హింస చెలరేగింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ ఇంటికి నిప్పు పెట్టారు. బస్సులు కాలాయి. ఇంటర్నెట్ ఆపేశారు.

గడువులో ఇంకా మూడు వారాలకు పైగా మిగిలే ఉంది. అభ్యంతరం చెప్పుకోవడానికి తలుపు తెరిచి ఉండగానే ఇళ్లు తగలబెట్టారు. దానికి బాధ్యత నిప్పు పెట్టినవాళ్లదే, అందులో నాకు ఏ సందేహం లేదు. కులద్వేషాన్ని సంప్రదింపుల లోపం కింద కొట్టిపారేయడం అన్యాయం. కానీ ప్రక్రియ నడిపేవాళ్లు ఆలోచించాల్సింది ఒకటుంది. మిగతా మహనీయుల పేర్లు జిల్లాతో పాటే వచ్చి నిలిచిపోగా, రాజ్యాంగ రచనకు సారథ్యం వహించిన మనిషి పేరు ఒక్కటి విడిగా, ఒప్పుకుంటారా లేదా అనే ప్రశ్నగా జనం ముందు నిలబడింది. ఆ ప్రశ్న అడిగిన తీరే ఒక వర్గం గౌరవాన్ని ఊరంతా తూకం వేసే పరిస్థితి తెచ్చింది. జనవరి ముసాయిదాలోనే ఆ పేరు ఉండి ఉంటే, అది కూడా మూటలో ఒక భాగమై ఉండేది. జూన్ 24న మంత్రివర్గం ఆ పేరునే ఖాయం చేసింది. అది సరైన నిర్ణయం. ఆ నెల రోజుల్లో అక్కడి దళితవాడలు అనుభవించిన భయానికి ఏ గెజిట్‌లోనూ లెక్క లేదు.

ప్రజల్ని ఏది అడగాలి, దేనితో కలిపి అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నది సంప్రదింపులు మొదలుకాకముందే తేల్చుకోవాల్సిన పని. దాన్ని గుమస్తా పనిగా చూస్తే అమలాపురం లాంటివి జరుగుతాయి.

ముసాయిదాలో చెప్పనివి

అభ్యంతరం రాయాలంటే ఏం మారుతుందో తెలియాలి. ముసాయిదాలో ప్రధానంగా ఉండేది మండలాల జాబితా, జిల్లా కేంద్రం పేరు. దాని వెనకాల కదిలేవాటి గురించి ఒక్క మాట ఉండదు.

తెలంగాణలో 2016లో అభ్యంతరాలు రాసినవాళ్లలో ఎందరు టీచర్ల బదిలీల గురించి ఆలోచించి ఉంటారు? జిల్లాలు మారితే స్థానిక క్యాడర్, అంటే ఉద్యోగి ఏ జిల్లా పరిధికి చెందుతాడన్నది, మారుతుంది. స్థానికుల ఉద్యోగాల గురించి 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. వాటి ప్రకారం ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచుతూ 2021 డిసెంబరులో 317 జీవో వచ్చింది. పంపకానికి సీనియారిటీ కొలమానం. సొంత జిల్లాలో సీనియర్లు నిండిపోతే జూనియర్ టీచరు ఎక్కడో మరో జిల్లాలో శాశ్వతంగా పడ్డాడు. భార్యాభర్తలు చెరో జిల్లాకు వెళ్లారు. ఐదేళ్ల కిందట పటం మీద గీసిన గీత ఫలితం అది. ఆ ఐదేళ్లలో అభ్యంతరాల గడువు ఎప్పుడో ముగిసిపోయింది. జిల్లా కోర్టులు మాత్రం 33 జిల్లాలకూ వచ్చేసరికి 2022 జూన్ అయింది. అంటే కలెక్టరు ఒక ఊళ్లో, జిల్లా జడ్జి మరో ఊళ్లో, ఏళ్ల తరబడి.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి మరో రూపం. కలెక్టర్లు 26 మంది అయ్యారు, జిల్లా పరిషత్తులు 13గానే మిగిలాయి. 2021లో ఎన్నికైన పాలకవర్గాల పదవీకాలం ఉంది కాబట్టి అది అనివార్యం అంటారు. కానీ దాని అర్థమేమిటో మండలంలో నిలబడి చూస్తే తెలుస్తుంది. పాడేరు జడ్పీటీసీ (మండలం నుంచి జిల్లా పరిషత్‌కు ఎన్నికైన సభ్యుడు) తన జిల్లా కలెక్టరుతో పాడేరులో మాట్లాడి, జిల్లా పరిషత్ సమావేశానికి విశాఖపట్నం వెళ్లాలి. ప్రజలు ఎన్నుకున్న సభ ఒక జిల్లాది, అధికారులు మరో జిల్లావాళ్లు. స్థానిక ప్రభుత్వాన్ని ప్రజలకు దగ్గర చేస్తున్నామన్నారు. దగ్గరైంది కలెక్టరేట్, స్థానిక ప్రభుత్వం ఉన్నచోటే ఉంది. మా గ్రామసభలన్నిటిలోనూ జిల్లా పరిషత్ గురించి అడిగినవాళ్లు చాలా తక్కువ. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, ముసాయిదాలో లేదు.

మళ్లీ పటం తెరిచారు

2022లో సమాధానం దొరకని అభ్యంతరాలు చచ్చిపోలేదు. మార్కాపురం వాళ్లు వదల్లేదు, రంపచోడవరం వాళ్లు వదల్లేదు, మదనపల్లె వాళ్లు వదల్లేదు. ప్రభుత్వం మారింది. 2025 నవంబరులో మరో ముసాయిదా వచ్చింది. డిసెంబరు 31 నుంచి మార్కాపురం జిల్లా, రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా ఏర్పడ్డాయి. అన్నమయ్య జిల్లా కేంద్రం రాయచోటి నుంచి మదనపల్లెకు మారింది. ఇప్పుడు నిరసన రాయచోటి వంతు.

రంపచోడవరం జిల్లా కేంద్రం కావడం నాకు నిజంగా సంతోషం. కానీ 2022 ఫిబ్రవరిలో ఆ కొండల నుంచి వచ్చిన కాగితాల్లో ఉన్న వాదనే 2025లో సబబైంది. ఈలోగా దూరమేమీ మారలేదు. మధ్యలో పాడేరులో ఆఫీసులు పెట్టారు, ఫైళ్లు మోశారు, సిబ్బందిని సర్దారు, రికార్డుల్లో జిల్లా పేరు మార్చారు. అదంతా తిరిగి చేయాలి. మొదటి విడతలోనే ఆ అభ్యంతరాలకు కారణం చూపి జవాబు రాయాల్సి వచ్చి ఉంటే, జవాబు రాసేవాడి కలం అక్కడే ఆగిపోయి ఉండేది: ఇంత దూరాన్ని ఏ కారణంతో సమర్థించాలి?

డిసెంబరు 31 అన్న తేదీకి వెనక జనగణన ఉంది. జనగణన ముందు దేశమంతటా పాలనా సరిహద్దులు కదలకుండా బిగిస్తారు. 2027 జనగణన కోసం 2025 డిసెంబరు 31తో ఆ బిగింపు పడింది, 2027 మార్చి ఆఖరు దాకా ఉంటుంది. ప్రజలు ఆలోచించుకోవడానికి ఎంత సమయం కావాలన్నది చూసి కాదు, క్యాలెండరులో ఎంత మిగిలిందో చూసి గడువులు పెడుతున్నారు.

బిగింపు తీరాక ఎక్కడో ఒకచోట పటం మళ్లీ తెరుస్తారు. అందుకని ఈ మధ్యకాలంలో సరిహద్దు మండలాల్లో మేము పెట్టుకున్న పని ఇది. పంచాయతీ వారీగా ఒక రిజిస్టరు. మండలం దాటి ఏ పనికి ఏ ఆఫీసుకు వెళ్లారు, ఎంత దూరం, ఏ బస్సు, పని అయిందా. ఆడవాళ్ల సమావేశంలో చెప్పినవి విడిగా. ఏటా ఒక గ్రామసభలో దాన్ని చదివి తీర్మానం చేయడం. ముసాయిదా వచ్చిన రోజున 30 రోజులూ సమాచారం పోగుచేయడానికే పోకుండా, వాదన రాయడానికి మిగలాలి. పత్రంలో మొదటి కోరిక, అది కుదరకపోతే రెండో కోరిక, రెండూ ఉండాలి. డివిజన్ గురించి, జిల్లా పరిషత్ గురించి, ఉద్యోగుల స్థానికత గురించి ప్రశ్న రూపంలో ఒక పేజీ వేరుగా ఉండాలి. ముసాయిదా చెప్పనిదాన్ని అడిగినట్టు కాగితం మీద రికార్డు కావాలి.

ప్రభుత్వం వైపు నుంచి కోరేది ఒకటే, దానికి కొత్త చట్టం అక్కర్లేదు. తుది నోటిఫికేషన్‌తో పాటు మండలం వారీగా ఒక పట్టిక వేయాలి: వచ్చిన అభ్యంతరం, తీసుకున్నారా లేదా, కారణం. తెలుగులో, పంచాయతీ నోటీసు బోర్డు మీద.